ముందు చదివిన చదువు

పోయిన వారం గౌరిని ఢిల్లీ సాకేత్‌లో బ్యాంకు మెట్ల మీద, జూలై ఎండలో, అన్న కారు కోసం ఎదురుచూస్తుండగా వదిలి వచ్చాం. అంతవరకూ జరిగింది ఒకసారి గుర్తు చేసుకుందాం. భర్త రామమోహనరావుకు పక్షవాతం వచ్చి, మంత్రిత్వ శాఖలో ఉద్యోగం నుంచి ముందే పెన్షన్ మీద ఇంటికి చేరాక, గౌరి ప్రభుత్వ క్వార్టరు ఖాళీ చేసి, ఆయననూ కూతురు స్నిగ్ధనూ తీసుకుని జియా సరాయ్‌లో కోచింగు కుర్రాళ్ళ గదుల మధ్య రెండు గదుల వాటాలోకి మారింది. సాకేత్‌లో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో హెల్పరుగా చేరింది. అక్కడి డాక్టరమ్మ వెంటపడి పరీక్ష రాయించింది. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో గౌరికి ఫరీదాబాద్ కాలేజీలో ఫిజియోథెరపీ డిగ్రీకి సీటొచ్చింది. సోమవారంలోగా ఫీజు కట్టకపోతే సీటు పోతుంది.

ఎడ్యుకేషన్ లోన్‌కి పెట్టుకున్న దరఖాస్తులో ఒక ప్రశ్న దగ్గర చిక్కొచ్చింది. ఇంతకు ముందు ఏదైనా కోర్సులో చేరి మానేశారా? మానేసింది. పద్దెనిమిదేళ్ళ కిందట ఎం.బి.బి.ఎస్.లో చేరి, మొదటి పరీక్ష తప్పి మానేసింది. ష్యూరిటీ సంతకం పెడతానన్న అన్న నిరంజన్ గుర్గావ్‌లో పెద్దాసుపత్రిలో డాక్టరు. "ఆ పాత గొడవ ఎత్తకు. ఇంటర్ అని రాసి ఊరుకో" అని మరీమరీ చెప్పాడు. గౌరి సరేనంది. కానీ ఇంటికి వెళ్ళి, అన్నకు చెప్పకుండా, ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చేసింది.

తెల్ల కారు బ్యాంకు ముందు ఆగింది. నిరంజన్ దిగుతూనే గడియారం చూసుకున్నాడు.

"రౌండ్స్ మధ్యలో వచ్చానమ్మాయ్. సంతకమేగా, త్వరగా తేల్చేద్దాం పద."

మేనేజరు సదాశివరావు గోదావరి వైపు మనిషి. ఢిల్లీ వచ్చి ఎన్నాళ్ళయినా మాటలో సాగతీత పోలేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి, టీ చెప్పి, గౌరి దరఖాస్తు ముందుకు లాక్కున్నాడు.

"లోన్ అంటే మాకు పద్దెనిమిదేళ్ళ పిల్లలే వస్తారండీ డాక్టరుగారూ. అమ్మగారి వయసు వాళ్ళు రావడం తక్కువ. వయసు అడ్డం కాదు, అది నేను చూసుకుంటాను. ముందు ఒకసారి చదువు మొదలెట్టి వదిలేసిన మనిషి ఈసారైనా పూర్తి చేస్తుందన్న నమ్మకం ఏంటని మా రీజనల్ ఆఫీసు వాళ్ళు అడుగుతారు. చిక్కంతా అక్కడ."

నిరంజన్ చేతిలో కప్పు సాసరులో పెట్టేశాడు. చెల్లెలి వైపు తిరిగి, గొంతు తగ్గించి, "రాశావా?" అన్నాడు.

"రాశాన్రా అన్నయ్యా. అబద్ధం రాయబుద్ధి కాలేదు."

"రాసి మంచి పని చేశారు" అన్నాడు సదాశివరావు. "దాచి ఉంటే, రేపెప్పుడో బయటపడితే, మొత్తం ఒక్కసారే కట్టమనేవాళ్ళం. కాకపోతే మీరు రాసిన కారణముంది చూశారూ, పరీక్ష తప్పడం వల్ల అని, దాని మీద వాళ్ళు తిప్పికొట్టేస్తారు. అందుకని నేనో పని చేశాను. మా పిన్నిగారబ్బాయి మీరు మానేసిన ఆ మెడికల్ కాలేజీ ఆఫీసులోనే చేస్తున్నాడు. ఈవిడ ఏ సబ్జెక్టులో పోయారో కనుక్కోరా, కొద్దిలో పోయుంటే నేను పైవాళ్ళకి నచ్చచెప్పుకుంటానన్నాను. నిన్న ఫోన్ చేశాడు."

గౌరి తల వంచుకుంది. ఏ సబ్జెక్టులో పోయిందో ఆమెకు ఈ రోజుకీ తెలియదు. అడగడానికి కూడా సిగ్గుపడిన రోజులవి.

"మీరు తప్పలేదటమ్మా."

గౌరికి మాట వినబడింది గానీ అర్థం ఎక్కలేదు. వేరెవరి గురించో చెబుతున్నాడనుకుంది.

"అన్నీ పాసయ్యారట. అనాటమీలో క్లాసుకి రెండో స్థానమట."

"కాదండీ. పేరు చూడడంలో ఏదో పొరపాటు..."

"అనంతరామయ్యగారి అమ్మాయి గౌరి. నేనూ రెండుసార్లు అడిగాను. ఒకే బ్యాచ్‌లో అన్నాచెల్లెళ్ళు ఉండడం అరుదు కదండీ, అందుకే వెతకడం తేలికయిందన్నాడు." సదాశివరావు ఒకసారి నిరంజన్‌ని చూసి కళ్ళు దించుకున్నాడు. "ఇంకో సంగతి కూడా చెప్పాడు. అది మీ ఇంటి సంగతి. నాకక్కర్లేదు."

గౌరి అన్న వైపు చూసింది. నిరంజన్ టేబులు అద్దం కింద పెట్టిన క్యాలెండరు వైపు చూస్తున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు నాన్న గద్దించినప్పుడు కూడా వాడి చెవులు అలాగే ఎర్రబడేవి. గౌరికి ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

పరీక్షలు రాసి ఇంటికొచ్చాక ఆమెకు కామెర్లు కమ్మాయి. లేచి నాలుగడుగులు వేయలేని నీరసం. ఫలితాలు చూసి రావడానికి అన్నయ్య ఒక్కడే బస్సెక్కి వెళ్ళాడు. తిరిగొచ్చి, మంచం పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, "నీ నంబరు లేదే. నాది ఉంది" అన్నాడు. ఆ రోజు అనంతరామయ్య మాస్టారు అన్నం ముట్టలేదు. ఆడపిల్లను అంత చదువుకు పంపడం తనదే తప్పని అమ్మతో అనడం పక్క గదిలోంచి వినిపించింది. మళ్ళీ రాస్తానని గౌరి ఒకసారి అడిగింది. ఒక్కసారి చాలు పరువు పోవడం అన్నాడాయన. ఆ తర్వాత ఢిల్లీలో సర్కారు ఉద్యోగం చేస్తున్న రామమోహనరావు సంబంధం వచ్చింది. పెళ్ళిలో ఎవరో అడిగితే, "చదువు అబ్బలేదండీ, వంట బాగా చేస్తుంది" అని నాన్న చెప్పడం పీటల మీద కూర్చున్న గౌరి చెవినే పడింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కూతురు మొద్దుదన్న నమ్మకంతోనే పోయాడు.

"ఇప్పుడు మనకి తేలికైపోయింది" అంటున్నాడు సదాశివరావు, ఇద్దరి మొహాలూ చూడకుండా. "పాసై ఉండి పెళ్ళి వల్ల మానేశానని కారణం దిద్ది రాయండి. అప్పటి సంగతులు తెలిసిన కుటుంబసభ్యులొకరు దాన్ని ధ్రువీకరిస్తూ రాసివ్వాలి. అలా అయితే అర్హతకి ఢోకా లేదు. శనివారం పొద్దున ఇస్తే చాలు, నేనే పైకి ఫోన్ చేసి చెప్పుకుంటాను."

"రాస్తాను. నేను రాసిస్తాను" అన్నాడు నిరంజన్, ఆయన మాట పూర్తికాకముందే.

కారులో కూర్చున్నాక నిరంజన్ ఇంజన్ స్టార్ట్ చేశాడు గానీ గేరు వేయలేదు. ఎదురుగా కొత్తగా తెరిచిన మాల్ ముందు జనం ఎండను దాటుకుని చల్లటి తలుపుల్లోకి పోతున్నారు.

"తప్పింది నువ్వా?" అంది గౌరి.

అతను తల ఊపాడు.

"నోటితో చెప్పు."

"నేనే. బోర్డు మీద నీ నంబరుంది. నాది లేదు. నమ్ము గౌరీ, బస్సులో ఉన్నంతసేపూ నిజం చెప్పాలనే అనుకున్నాను. గుమ్మంలోనే నాన్న నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే, 'ముందు నువ్వు పాసయ్యావని చెప్పరా' అన్నాడు. నీ గురించి అడగలేదు. నా గురించే. అప్పుడు నోట్లోంచి అట్లా వచ్చేసింది."

"వచ్చేసింది సరే. మర్నాడు?"

"మూడు నెలల్లో సప్లిమెంటరీ ఉంది, రాసేస్తాను, పాసయ్యాక చెప్పేద్దామనుకున్నాను. ఆలోపు నీ పెళ్ళి..."

"ఆలోపు నా పెళ్ళి దానంతటదే అయిపోయిందా? మళ్ళీ రాస్తానని నాన్న కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చినప్పుడు నువ్వు గదిలోనే ఉన్నావు. గోడకి ఆనుకుని నిలబడ్డావు. నాకు గుర్తుంది." గౌరి గొంతు పెరగలేదు. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనిపించింది. "నా ఫ్రెండ్స్ ఎవరూ రాలేదేమని అప్పట్లో ఎంత ఏడ్చానో. వాళ్ళకేం చెప్పావు?"

"నువ్వే చదవనన్నావని. మంచి సంబంధం వచ్చిందని."

గౌరి కిటికీ అద్దం వైపు తిరిగింది. పద్దెనిమిదేళ్ళు. స్నిగ్ధ సైన్సు పుస్తకం పట్టుకుని వచ్చి అడిగితే, "నాకు రాదమ్మా, నేను ఫెయిలైన దాన్ని" అని పంపేసింది. క్వార్టర్లలో ఆడవాళ్ళు బ్లడ్ రిపోర్టులు చదివించుకుందామని వస్తే నాకేం తెలుసని తప్పించుకుంది. భర్తకు నోరు వంకరపోయిన రోజున అది పక్షవాతమని చూసిన క్షణంలోనే తెలిసింది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమని లోపలి నుంచి ఎవరో అరుస్తున్నట్టే ఉంది. కానీ పక్క క్వార్టరు ఆయన, "గ్యాస్ట్రిక్ అయ్యుంటుంది భాభీజీ, కాసేపు పడుకోనివ్వండి" అంటే, తనకన్నా ఆయనకే ఎక్కువ తెలుసుననుకుని ఊరుకుంది. ఆ ఊరుకున్న కాసేపటికి మూల్యంగా ఆయన కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అన్నకు చెప్పాలనిపించి, చెప్పినా వాడు మోయలేడనుకుని మానేసింది.

"చూడు గౌరీ" అన్నాడు నిరంజన్. డాక్టరు గొంతు మళ్ళీ వచ్చింది. "జరిగింది జరిగింది. నేను దుర్మార్గుణ్ణే, ఒప్పుకుంటాను. ఇప్పుడు నీకు కావలసింది లోన్. మేనేజరు చెప్పినట్టే రాసిస్తాను. నీ ఇష్టంతో, పెళ్ళి కోసం చదువు మానుకున్నావని. నువ్వు కింద సంతకం పెట్టు. సోమవారం ఫీజు కట్టెయ్. అసలు లోన్ కూడా ఎందుకు, మొత్తం నేనే కడతాను."

"నా ఇష్టంతోనా?"

"మాటకే కదా."

"అప్పుడు నువ్వు చెప్పిందీ మాటే కదరా."

నిరంజన్ స్టీరింగు మీద అరచేత్తో కొట్టాడు. "అయితే ఏం చెయ్యమంటావు? చెల్లెలి చదువు చెడగొట్టానని బ్యాంకు వాళ్ళకి రాసివ్వమంటావా? ఆ మేనేజరు తెలుగువాడు. రేపు తెలుగు సంఘం మీటింగులో అందరూ నా మొహం చూస్తారు. హారికకి తెలిస్తే, పిల్లలకి తెలిస్తే... నీకు చదువు కావాలా, నన్ను రోడ్డుకీడ్చడం కావాలా?"

హారిక అతని భార్య. పండక్కి పిలిచి, గౌరి చేత పులిహోర కలిపించి, వచ్చినవాళ్ళకు "మా ఆడపడుచు, పాపం చదువుకోలేదు" అని పరిచయం చేసే మనిషి. అలా అన్నప్పుడల్లా నిరంజన్ ఫోన్ మాట్లాడాలని బాల్కనీలోకి వెళ్ళడం ఇప్పుడు గౌరికి వరసగా గుర్తుకొస్తోంది.

"నాకు చదువే కావాలి. పరీక్ష తప్పినదాన్నని ఇన్నాళ్ళూ తల దించుకుని తిరిగాను. ఇప్పుడు నా అంతట నేనే వదిలేశానని సంతకం పెట్టి, ఆ సంతకంతో క్లాసులో ఎలా కూర్చోమంటావు? నీ డబ్బూ వద్దు. నీ సంతకమూ వద్దు."

ఆమె తలుపు తీసింది. వేడిగాలి మొహాన కొట్టింది.

"గౌరీ!" నిరంజన్ పక్క సీటు మీదికి వంగి పిలిచాడు. అతని కళ్ళు తడిసి ఉన్నాయి. "నన్నొక్కణ్ణే అంటావేం?"

చచ్చిపోయిన నాన్న మీదికి నెడుతున్నాడనుకుంది గౌరి. అసహ్యం వేసింది. తలుపు వేసేసి, మళ్ళీ బ్యాంకు మెట్లెక్కింది.

సదాశివరావు ఆమె ఒక్కతే రావడం చూశాడు. అంతా అర్థమైనట్టు కుర్చీ చూపించాడు.

"ష్యూరిటీకి అన్నయ్యే కావాలాండీ? వేరే వాళ్ళు పనికిరారా?"

"మీవారి పెన్షనుందిగా. తక్కువే, కాదనను. మీ క్లినిక్ జీతం కూడా కలిపి చూపిస్తాను. కష్టపడాలి గానీ అసాధ్యం కాదు." ఆయన దరఖాస్తు మళ్ళీ తిరగేశాడు. "ఆ ధ్రువీకరణ కూడా ఆయనే ఇవ్వొచ్చు. సంతకం చెయ్యలేకపోతే నేనే ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుంటాను. కాకపోతే అప్పట్లో ఏం జరిగిందో ఆయనకి తెలిసుండాలి."

"ఆయనకేం తెలుస్తుందండీ. నేను తప్పాననే ఆయనా అనుకుంటున్నారు."

"పెళ్ళి వల్ల చదువాగిందని తెలుసుగా. చాల్లెండి. ఆ మాటే నిజం, ఆ మాటే రాద్దాం. ఇష్టంతో మానేశారని రాయనక్కర్లేదు."

ఆ చివరి మాట ఆయన కావాలనే అన్నాడో, యథాలాపంగా అన్నాడో గానీ, గౌరికి ఆ రోజంతటిలో మొదటిసారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచి నమస్కారం పెట్టింది.

బస్సు అరబిందో మార్గ్ మీద ఆగుతూ కదులుతూ పోతోంది. ఊచ పట్టుకుని నిలబడ్డ గౌరికి భర్తే కళ్ళ ముందు కదిలాడు. ఈ మాట వింటే ఏమంటాడు? నోరు సరిగా తిరగదు గానీ మనసుకు అన్నీ తెలుస్తాయి. ఎవరు ఎత్తిపొడిచినా ఆయన మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కనాడు కూడా చదువు ఊసెత్తి ఆమెను నొప్పించలేదు. ఎవరైనా ఎత్తితే మాట మార్చేసేవాడు. పెళ్ళయిన కొత్తలో తన పాత పుస్తకాలు చూసుకుని ఏడుస్తుంటే, మెల్లగా చేతిలోంచి తీసుకుని పైన అటక మీద పెట్టేశాడు. అది ఆయన మంచితనమని గౌరి అందరికీ చెప్పుకునేది. పుట్టింటి వాళ్ళు చేసిన మోసం వింటే మంచం మీదే ఉడికిపోతాడు. వేలిముద్రేం ఖర్మ, ఎడమ చేత్తోనైనా సంతకం గీకుతానంటాడు. అది తలుచుకుంటే ఆమెకు కొంచెం ఊపిరాడింది.

జియా సరాయ్ సందులో జిరాక్స్ షాపుల ముందు కుర్రాళ్ళు గుంపులుగా నిలబడి ఉన్నారు. వాళ్ళను తప్పించుకుని ఇంటికి చేరేసరికి స్నిగ్ధ గుమ్మంలోనే ఉంది. ఇంకా స్కూలు యూనిఫారం విప్పలేదు.

"అమ్మా, వాట్ హ్యాపెన్డ్? మామా కా ఫోన్ ఆయా థా. నాన్న చెవి దగ్గర పెట్టమన్నాడు, పెట్టాను. మామ ఏదో చెప్పాడు. అప్పట్నుంచీ నాన్న ఏడుస్తూనే ఉన్నారు. మందు భీ నహీఁ లే రహే, ఇస్తే తోసేస్తున్నారు."

గౌరి చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. నిరంజన్ ముందే చెప్పేసుకున్నాడన్నమాట. బావ ముందు ఏడ్చి సానుభూతి సంపాదించుకుందామని కాబోలు.

రామమోహనరావు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. వంకరపోయిన మూతి పక్కనుంచి కన్నీళ్ళూ లాలాజలమూ కలిసి చొక్కా మీదికి కారుతున్నాయి. గౌరి అలవాటుగా తువ్వాలు తీసుకుని తుడవబోయింది. ఆయన పని చేసే ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని ఆపేశాడు.

"ఊరుకోండి. వాడు చేసిన పనికి మీరెందుకు ఏడుస్తారు?" అంది గౌరి. "మనం వాడి సంతకం మీద ఆధారపడక్కర్లేదు. మీరు వేలిముద్ర వేస్తే చాలట. మేనేజరుగారు ఇంటికొస్తానన్నారు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఒక్కో మాటా నాలిక మీద నుంచి ఈడ్చుకొస్తున్నట్టు, చాలాసేపటికి అన్నాడు.

"నా సంగతి... చెప్పాడా?"

"మీ సంగతేంటి?"

"చెప్పలేదా?" రామమోహనరావు కళ్ళు మూసుకున్నాడు. "పెళ్ళికి ముందు... నీ టీసీ తేవడానికి... నిరంజన్‌తో... నేనూ వెళ్ళా."

గుమ్మం దగ్గర స్నిగ్ధ నిలబడి వింటోందని గౌరికి తెలుసు. అయినా వెళ్ళమనలేదు.

"ఆఫీసులో గుమాస్తా అడిగాడు" అన్నాడాయన. "పాసైన పిల్లని... ఎందుకు మాన్పిస్తున్నారని."

గౌరి మణికట్టు ఇంకా ఆయన పట్టులోనే ఉంది. ఆమె మెల్లగా ఒక్కో వేలూ విడదీసి, ఆ చేతిని దుప్పటి మీద పెట్టింది. తువ్వాలు పక్కన పడేసింది.

"అప్పుడు మీరేమన్నారు?"